దారిలో ఉప్పెక్కు నది

నది పుట్టినచోట తియ్యగా నుండును. సముద్రములో కలిసినచోట ఉప్పగును. మనమందరము చిన్ననాటి నుండి ఎరిగిన సంగతి ఇది. కృష్ణా గోదావరీ తీరములయందలి వారికి ఇంకొక సంగతియు తెలియును. ఎండకాలమున ప్రవాహము సన్నగిల్లినపుడు పోటునీరు పాయలలోనికి ఎగదన్ని, కొంతమేర నీటిని నోట పెట్టరాకుండ చేయును. కాని అది సముద్రము చేయు పని. సముద్రమునకు వందలాది కిలోమీటర్ల దూరమున, ఎర్రమట్టి నేలల నడుమ, తన గట్ల క్రిందినుండియే ఉప్పునీరు ఊరి వచ్చి కలియుటచేత ఉప్పెక్కు నది యొకటి కలదు. అది ఆస్ట్రేలియా ఖండమునందలి ముర్రే నది. ఆ ఉప్పునీటిని నదిలో పడకమునుపే పట్టి, తోడి, దూరముగా పారబోయుటకు ఆ దేశమువారు అర్ధశతాబ్దికి పైగా చేయుచున్న ప్రయత్నముల చరిత్రను ఈ పుటలలో కొంత ముచ్చటించుకొందము.

ముర్రే ఆస్ట్రేలియా ఆగ్నేయమున మంచు కురియు కొండలలో పుట్టి, సుమారు 2,500 కిలోమీటర్లు ప్రవహించును. చాలదూరము పడమరగా సాగి, మోర్గన్ అను ఊరివద్ద ఒక్కసారిగా దక్షిణమునకు మరలి, అలెగ్జాండ్రినా సరస్సు మీదుగా సముద్రమును చేరును. దీని ప్రధానమైన ఉపనది డార్లింగ్. ఆ తీరమునందలి మూలవాసులు దానిని బాకా అని పిలుతురు. ఈ రెండు నదుల పరీవాహక ప్రదేశము పది లక్షల చదరపు కిలోమీటర్లకు మించినది. అనగా ఖండములో ఏడవ వంతు, మన గోదావరి పరీవాహక ప్రదేశమునకు మూడు రెట్లకు పైమాట. నీటి విషయమున మాత్రము ముర్రేను గోదావరితో పోల్చరాదు. నేల పెద్దది, వాన తక్కువ, ఎండ ఎక్కువ. నీరు కొద్దిగా నున్నచోట ఉప్పు కొద్దిగా కలిసినను రుచి మారిపోవును. ఈ ఒక్క మాటను మనసున నుంచుకొనినచో తక్కిన కథయంతయు సుబోధమగును.

ఐరోపావారిలో ఈ ఉప్పును మొదట రుచి చూచినవాడు చార్లెస్ స్టర్ట్ అను సైనికోద్యోగి. 1829 ఫిబ్రవరిలో, ఘోరమైన అనావృష్టి కాలమున, అతడు తన పరివారముతో నడచి నడచి ఒక గొప్ప నది గట్టునకు చేరెను. దాహముతో నున్న మనుష్యులును పశువులును నీటిలోనికి దిగిరి. నీరు ఉప్పగా నుండెను, త్రాగుటకు పనికిరాదు. నది గర్భములోనే ఉప్పు ఊటలుండుటను స్టర్ట్ కనిపెట్టెను. అప్పటి గవర్నరు పేరిట అతడు ఆ నదికి డార్లింగ్ అని నామకరణము చేసెను గాని, త్రాగునీరు చాలక అక్కడ నిలువలేక వెనుదిరిగెను. మరుసటి సంవత్సరము, 1830లో, పడవలో ముర్రంబిడ్జీ నది వెంట దిగి, విశాలమైన వేరొక నదిలో ప్రవేశించి, బ్రిటిషు మంత్రి జార్జి ముర్రే పేరును దానికి పెట్టెను. ఆ ప్రవాహము వెంటనే పోయి అలెగ్జాండ్రినా సరస్సును చూచెను.

ఆనాడు చాలమందికి ఖండము నడుమ ఒక మహాసముద్రము దాగియున్నదను భ్రమ యుండెను. నది ఉప్పగా నుండుట ఆ ఊహకు బలము చేకూర్చినది. ఆ ఊహ బొత్తిగా అబద్ధము కాదనవచ్చును, తప్పినది కాలమొక్కటే. ముర్రే దిగువ ప్రాంతమున సముద్రము నిజముగా నుండెను. అయితే అది లక్షల సంవత్సరముల క్రిందటి మాట గాదు, కోట్ల సంవత్సరముల క్రిందటి మాట. సముద్రము పలుమారులు నేలమీదికి వచ్చి, వెనుకకు పోయి, గవ్వలతో నిండిన సున్నపురాతిని, ఇసుక పొరలను విడిచిపోయినది. నేడు నది రెండు ప్రక్కల పసుపు వన్నెతో నిలిచియున్న ఎత్తైన గట్లు ఆ సున్నపురాళ్ళే.

ఇంతమాత్రముచేత భూగర్భములోని ఉప్పంతయు ఆ పాత సముద్రపు మిగులు అని తలచుట సరికాదు. అందులో ఎక్కువ భాగము వానతో వచ్చినది. సముద్రము మీదినుండి వీచు గాలి సన్నని ఉప్పు కణములను మోసికొనివచ్చును. వాన వానిని నేలమీద దించును. ఒక్కొక్క ఏట దిగునది అతి స్వల్పము. కాని వేలకొలది, పదివేలకొలది ఏండ్లు దిగినచో? నీటిని చెట్లు త్రాగి ఆవిరి చేయును, ఉప్పును త్రాగవు. అది వేళ్ళ క్రిందనే మిగిలిపోవును. ఇట్లు కూడి కూడి, ముర్రే దిగువ ప్రాంతమున భూగర్భజలము చాలచోట్ల సముద్రజలమంత ఉప్పుతో, కొన్నిచోట్ల అంతకు మించిన ఉప్పుతో నిలిచినది.

అక్కడి పొదచెట్లను మల్లీ అందురు. అవి నీలగిరి జాతివే గాని, ఒకే మొదటినుండి పెక్కు కొమ్మలుగా చీలి పెరుగును. వేళ్ళు లోతుగా దిగును. ఆ ప్రాంతమున ఏటికి 250 నుండి 350 మిల్లీమీటర్ల వాన పడినను, అందులో వేళ్ళను దాటి భూగర్భజలమును చేరునది ఒక మిల్లీమీటరులో పదవవంతు కూడ కాదని పరిశీలకులు లెక్కవేసిరి. చెట్లు నేలకు మూతవలె నుండి, క్రింది ఉప్పునీటిని కదలనీయక కాపాడినవన్నమాట. మూత పూర్తిగా బిగియలేదు. ముర్రే పరీవాహకమునందలి దిగువ భాగము ఒక పళ్ళెము వంటిది. దాని అంచులు ఎత్తు. లోపలి ఊటనీరు సముద్రమును చేరుటకు వేరు దారి లేదు. నీరు పల్లమెరుగునని మన సామెత. భూమిలోపలి నీరును అంతే. ఆ పళ్ళెములో అన్నిటికంటె పల్లమైన గాడి నదియే. కనుక మనిషి చేయి సోకక పూర్వమే కొంత ఉప్పునీరు నదిలోనికి ఊరుచుండెను. స్టర్ట్ చూచినది దానినే.

ఇక మనిషి వచ్చెను. పందొమ్మిదవ శతాబ్దపు చివరి పాదమున గోధుమ పండించుటకై మల్లీ పొదలను గొలుసులతోను బరువైన దిమ్మెలతోను లాగించి, నేలకూల్చి, తగులబెట్టిరి. గోధుమ వేళ్ళు లోతులేనివి. ఏటికి మిల్లీమీటరులో పదవవంతు దిగిన నీరు, కొన్ని మిల్లీమీటర్లు మొదలుకొని కొన్నిచోట్ల పదుల మిల్లీమీటర్ల వరకు దిగజొచ్చినది. ఆ నీరు పది, ఇరువది నిలువుల లోతున నున్న ఊటను చేరుటకు ఏండ్లూ పూండ్లూ పట్టును. చేరిన పిదప ఉప్పునీటిమట్టము పెరిగి, నదివైపునకు ఒత్తిడి హెచ్చును. తాత నరికిన చెట్టుకు మనుమని కాలమున నదిలో ఉప్పు కనబడునన్నమాట. ఇంత ఆలస్యముగా వచ్చు ఫలమును కర్తతో ముడివెట్టి చూచుట ఎవరికైనను కష్టమే.

రెండవ కారణము నీటిపారుదల. దీనికి మన దేశముతో చిన్న సంబంధము కలదు. విక్టోరియా వలసరాజ్యమున మంత్రిగా నుండిన ఆల్ఫ్రెడ్ డీకిన్ 1885లో కాలిఫోర్నియాకు పోయి అక్కడి కాలువల సేద్యమును చూచివచ్చెను. అచ్చట తోటల ఊళ్ళు వెలయించిన జార్జి ఛాఫీ, విలియం ఛాఫీ అను కెనడా సోదరులు తరువాత ఆస్ట్రేలియాకు వచ్చి, 1887లో ముర్రే తీరమున మిల్డ్యూరా, రెన్‌మార్క్ అను రెండు సేద్యపు పట్టణములకు పునాది వేసిరి. డీకిన్ అంతటితో తృప్తిపడక మన దేశమునకును వచ్చి, ఇచ్చటి ఆనకట్టలను కాలువలను పరిశీలించి, 1893లో భారతదేశపు నీటిపారుదలపై ఒక గ్రంథము ప్రకటించెను. ఆనాటికే ఉత్తర హిందూస్థానమున కాలువల క్రింది పొలములు కొన్ని 'రేహ్' అను తెల్లని చౌడుతో పాడైపోయి, దొరతనమువారు విచారణ సంఘమును వేసియుండిరి. కాలువ వచ్చినచోట మురుగుకు దారి చూపనిచో నేల చెడునను పాఠము అప్పటికే మన గడ్డమీద వ్రాయబడియున్నది. డీకిన్ తరువాత ఆస్ట్రేలియాకు ప్రధానమంత్రి అయ్యెను.

ద్రాక్ష, నారింజ మొదలైన పండ్లతోటలు ఎర్రనేలమీద పచ్చగా లేచినవి. చెట్టు త్రాగగా మిగిలిన నీరు క్రిందికి దిగినది. తోటల క్రింద భూగర్భజలము ఒక దిబ్బవలె పైకి లేచినది. ధాన్యపు రాశి నడుమ ఎత్తుగా, అంచుల పల్లముగా ఉండునుగదా. అటులే ఊటనీరును రాశి పోసికొనును. ఆ రాశి బరువు చుట్టునున్న పాత ఉప్పునీటిని నదిలోనికి నెట్టును. గమనింపదగినది ఇది: నదిలో పడునది తోటకు పెట్టిన మంచినీరు కాదు, అది వచ్చి త్రోసివేసిన వెనుకటి ఉప్పునీరు. రైతు తన పొలములో ఒక్క ఉప్పురవ్వయైనను చల్లకయే నదిని ఉప్పెక్కించుచున్నాడు.

మూడవది ఆనకట్టలు. 1914లో మూడు రాష్ట్రములును కేంద్ర ప్రభుత్వమును ముర్రే జలముల ఒడంబడిక చేసికొని, 1917లో నదీసంఘమును ఏర్పరచినవి. పడవలు సాగుటకును తోటలకు నీరెక్కించుటకును నది పొడుగున లాకులతో కూడిన అడ్డుకట్టలు కట్టిరి. వీనిలో మొదటిది బ్లాంచ్‌టౌన్ వద్ద 1922లో పూర్తియైనది. ఎగువనున్న హ్యూమ్ డ్యాము 1936లోను, సముద్రపుపోటును ఆపుటకు నదీముఖమునొద్ద కట్టిన బ్యారేజీలు 1940లోను ముగిసినవి. ఇట్లు నది మెట్లుమెట్లుగా నిలువనీరైనది. ప్రతి కట్టకును ఎగువన నీటిమట్టము హెచ్చి, నది నీరు గట్టులోనికి ఇంకి, అచ్చటి ఉప్పునీటిని చుట్టుదారిన నెట్టి, కట్ట దిగువన తిరిగి నదిలో పడవేయును. వరదలు తగ్గుటచేత ఒడ్డుపల్లములలోని ఉప్పును కడుగువారును లేకపోయిరి.

ఒడంబడిక మాట వచ్చినది గనుక ఒక్కటి చెప్పక తప్పదు. ఎవరికెంత నీరు అనుటకు ఆ పత్రములో లెక్కలు కలవు. ఆ నీరు ఎట్టిదై యుండవలెననుటకు లెక్క లేదు. అన్నిటికంటె దిగువనున్న దక్షిణ ఆస్ట్రేలియాకు తన వాటా నీరు వచ్చుచునే యుండెను; ఎగువవారి ఉప్పును దానితోనే వచ్చుచుండెను. నీటి గుణమును విచారించు అధికారము నదీసంఘమునకు 1982 వరకు రాలేదు. మన ఇండ్లలో పాలవాడు కొలత సరిగా పోయుచున్నాడని తృప్తిపడి, పాలు విరిగినవో లేదో చూడకుండుట వంటిది ఇది.

ఈలోగా దిగువవారు నదిమీద మరింత ఆధారపడిరి. మోర్గన్ నుండి వయల్లా అను ఉక్కుపట్టణమునకు పైపులైను 1944లో పూర్తియైనది. మానమ్ నుండి అడిలైడ్ నగరమునకు వేసిన పైపులైను 1955లో ముగిసినది. అప్పటినుండి ఆ నగరము తన నీటిలో గణనీయమైన భాగమును ముర్రే నుండియే తీసికొనుచున్నది. వానలు లేని ఏండ్లలో ఇంచుమించు అంతయు దానినుండియే. కావున గట్టుక్రింద ఊరు ఉప్పు రైతు పొలముతో ఆగక పట్టణపు కుళాయిలోనికి, తేనీటి పాత్రలోనికి, వేడినీటి బాయిలరులోనికి వచ్చినది.

1967-68 సంవత్సరములలో అనావృష్టి వచ్చినది. నది సన్నగిల్లినది, ఊట సన్నగిల్లలేదు. పలుచన చేయు మంచినీరు లేక నదిలోని ఉప్పు పెరిగిపోయినది. ఆనాడు నారింజతోటలకు నీటిని చెట్లపైనుండి వానవలె చిమ్ము పద్ధతి యుండెను. ఆకులమీద పడిన నీరు ఎండకు ఆవిరికాగా ఉప్పు ఆకులనంటి కాల్చివేసినది, ఆకులు రాలినవి. ఏండ్ల తరబడి పెంచిన తోటలు దెబ్బతిన్న రైతులు చూచుచు ఊరకుండిరా? ఉండలేదు. నదీసంఘము నిపుణులచేత లోయ పొడుగున ఉప్పును గూర్చి విచారణ జరిపించినది. ఆ నివేదిక 1970లో వెలువడినది. ఉప్పు ఎక్కడెక్కడ ఎంతెంత పడుచున్నదో దేశమునకు ఒక చిత్రపటము దొరికినది.

అదే కాలమున ఒక రాజకీయ నాటకమును జరిగినది. దక్షిణ ఆస్ట్రేలియావారికి తమ సరిహద్దునొద్ద చొవిల్లా అనుచోట పెద్ద జలాశయము కట్టించుకొనవలెనని కోరిక. నేల చదును గనుక ఆ జలాశయము లోతు తక్కువ, విస్తీర్ణము ఎక్కువ. నీరు ఆవిరియై ఉప్పు మిగులును. నీటి బరువు క్రింది ఉప్పు ఊటను పైకి నెట్టును. ఖర్చును అంచనాను మించినది. 1967లో పని నిలిపివేసిరి. దానికి బదులు ఎగువ కొండలలో, విక్టోరియాయందు, డార్ట్‌మౌత్ వద్ద లోతైన జలాశయము కట్టవలెనని సూచన వచ్చినది. రాష్ట్ర ముఖ్యమంత్రి స్టీల్ హాల్ లెక్కలు చూచి డార్ట్‌మౌత్‌నకు సమ్మతించెను. జనులకు మాత్రము చొవిల్లా మానప్రశ్న యైనది. 1970లో శాసనసభయందు ఈ విషయముమీదనే అతని ప్రభుత్వము పడిపోయినది. స్వతంత్రుడైన సభాపతి తన ఓటును అతనికి వ్యతిరేకముగా నిచ్చెను. ఎన్నికలలో ప్రతిపక్షము గెలిచినది. చివరకు ఆ క్రొత్త ప్రభుత్వమును డార్ట్‌మౌత్‌నే అంగీకరింపవలసి వచ్చినది. ఆ డ్యాము 1979లో పూర్తియైనది. మా అభిప్రాయమున స్టీల్ హాల్ చేసిన పని చరిత్రలో తగినంత గుర్తింపు పొందలేదు. ఓటర్లకు నచ్చని లెక్క చెప్పి పదవి పోగొట్టుకొన్నవారు ఏ దేశమునందైనను అరుదు.

జలాశయము మంచినీరు పంపి ఉప్పును పలుచన చేయగలదు, ఊటను ఆపలేదు. ఊటను ఆపుటకు మొదట చేపట్టినవి సులభమైన పనులు. విక్టోరియాలో కెరాంగ్ ప్రాంతపు మురుగును మోయు బార్ క్రీక్ అను వాగు అన్నిటికంటె ఎక్కువ ఉప్పును నదిలో దించుచుండెను. 1968 నుండి ఆ వాగు నీటిని మళ్ళించి టచ్‌వాప్ సరస్సులోనికి పంపి ఎండబెట్టుట ఆరంభించిరి. అది కంటికి కనబడు వాగు; అడ్డుకట్టి మళ్ళింపవచ్చును. కంటికి కనబడక నది పొడుగున వందలాది చోట్ల చెమ్మవలె ఊరు నీటిని మళ్ళించుట ఎట్లు?

దానికి మొదట ఊట తావులను కనిపెట్టవలెను. ఇందుకు వారు అనుసరించిన పద్ధతి మిక్కిలి సరళమైనది. నది నిలకడగా నున్న దినములలో పడవమీద పోవుచు, కిలోమీటరు కిలోమీటరునకు నీటిలో విద్యుత్తు ఎంత సుళువుగా ప్రసరించునో కొలుతురు. ఉప్పు ఎక్కువైనకొలది విద్యుత్తు సుళువుగా పారును. ఇట్లు వరుసగా అయిదు దినములు ప్రతి కిలోమీటరు వద్దను కొలిచి, ముందునాటి కొలతకును మరునాటి కొలతకును గల భేదమును నది ప్రవాహముతో గుణించిన, ఏ కిలోమీటరులో రోజుకెన్ని టన్నుల ఉప్పు క్రొత్తగా కలిసినదో తేలును. జ్వరపుమనిషి ఒంటిని వైద్యుడు అంగుళమంగుళము తడవి చూచినట్లు వారు నదిని తడవిరి.

ఈ పరీక్షలలో అన్నిటికంటె భయంకరముగా కనబడిన భాగము దక్షిణ ఆస్ట్రేలియాలోని ఊల్‌పుండా. ఇక్కడ తోటలు పెద్దగా లేవు. ఊట చాలవరకు ప్రకృతిసిద్ధమైనది. లోతున నున్న పొరలలోని నీరు ఒత్తిడిచేత సున్నపురాతి పొరలోనికి ఎక్కి, అక్కడినుండి నదిలో పడుచుండెను. రోజుకు సుమారు 200 టన్నుల ఉప్పు. అనగా నూరు కిలోల బస్తాలు రెండువేలు. ప్రతిదినము, పగలును రాత్రియు, ఆదివారమును పండుగయు లేకుండ ఎవరో గట్టునుండి రెండువేల బస్తాలు నదిలో కుమ్మరించుచున్నట్లు ఊహించుకొనుడు.

1990లో ఇక్కడ అడ్డుపట్టు పథకము పనిచేయ నారంభించినది. నది రెండు ప్రక్కలను గట్టు వెంబడి సుమారు యాబది బోరుబావులు త్రవ్విరి. ప్రతి బావిలోను మునిగియుండు విద్యుత్ పంపు. అవి ఊటనీటిని తోడును. తోడిన నీరు పైపుల ద్వారా నదికి దూరముగా స్టాక్‌యార్డ్ మైదానము అను పల్లమునకు పోవును. ఇందులో మెలకువ తోడుటలో లేదు. ఎంత తోడవలెననుటలో కలదు. తక్కువ తోడినచో రెండు బావుల నడుమనుండి ఉప్పునీరు జారిపోవును. ఎక్కువ తోడినచో ఊటమట్టము నదికంటె క్రిందికి దిగి, నదిలోని మంచినీరే గట్టులోనికి లాగబడును; అప్పుడు కరెంటు ఖర్చుపెట్టి మంచినీటిని ఉప్పుపల్లములో పోసినట్లగును. కనుక రెండు బావుల నడిమధ్యన ఊటమట్టము నదిమట్టమునకు సరిసమానముగా నుండునట్లు పంపులను నడపవలెను. త్రాసుముల్లు నడుమ నిలిపినట్టి పని. దీనికై గట్టు పొడుగున పరిశీలన బావులు వేరుగా త్రవ్వి, నీటిమట్టమును కొలుచుచుందురు. ఉప్పునీటివలన పంపులు తుప్పుపట్టును. ఇనుము తిను సూక్ష్మజీవులు కొన్నిచోట్ల పైపులలో జిగటగా పేరుకొని దారి మూయును. కట్టివేసి చేతులు దులుపుకొనదగిన పని కాదిది.

ఊల్‌పుండా తరువాత దాని ప్రక్కనే వైకెరీ వద్ద, పిదప బుక్‌పర్‌నాంగ్, లాక్స్‌టన్, మర్తో మొదలైనచోట్ల ఇట్టి పథకములు వచ్చినవి. మిల్డ్యూరా చుట్టుప్రక్కల, విక్టోరియా సరస్సునొద్దనున్న రూఫస్ నదివద్ద అంతకు పూర్వమే కొన్ని యుండెను. అన్నియు కలిసి ఏటికి సుమారు అయిదు లక్షల టన్నుల ఉప్పును నదిలో పడకుండ ఆపుచున్నవని నదీ ప్రాధికారసంస్థ లెక్క.

ఆపిన ఉప్పు ఏమగును? ఎక్కడికిని పోదు. పల్లములలో నీరు ఎండి ఉప్పు మిగులును. కొంత క్రిందికి ఇంకి, మరల నదివైపు మెల్లగా బయలుదేరును. పల్లమును నదికి తగినంత దూరమున ఎంచుకొన్నచో ఆ ప్రయాణమునకు తరములు పట్టును. ఇది రోగమునకు మందు కాదు, వాయిదా. మంచినీటి సరస్సులుగా నుండిన కొన్ని తావులను ఉప్పుకు బలియిచ్చిరను విమర్శయు కలదు. అది తోసిపుచ్చదగినది కాదు. అయితే స్టాక్‌యార్డ్ మైదానమున నీరు నిలుచుటచేత పక్షులు చేరి, నేడు దూరప్రాంతముల నుండి పక్షులను చూచువారు అక్కడికి వచ్చుచున్నారు. మిల్డ్యూరా సమీపమునందలి ఒక పల్లములో ఎండిన ఉప్పు లేత గులాబివన్నెతో నుండును. ఉప్పునీటిలో పెరుగు నాచు దానికి ఆ రంగు నిచ్చినది. దానిని రేకులుగా తీసి, అందమైన డబ్బాలలో నింపి, దేశవిదేశముల భోజనశాలలకు అమ్ముచున్నారు. నదికి విషమైనది వడ్డనకు వచ్చినది!

పథకములకంటె మాకు ఎక్కువ ఆశ్చర్యము గొలుపునది అక్కడివారు వ్రాసిన ఉప్పు పద్దు. 1988లో రాష్ట్రములు ఒక ఒప్పందమునకు వచ్చినవి. ఆ సంవత్సరము జనవరి మొదటి తేదీని హద్దుగా పెట్టుకొనిరి. ఆ తరువాత ఏ రాష్ట్రమైనను నదిలో ఉప్పును పెంచు పని చేసినచో, అనగా క్రొత్త ఆయకట్టు తెచ్చినను క్రొత్త మురుగుకాలువ నదిలో దించినను, అది ఆ రాష్ట్రపు ఖాతాలో అప్పుగా వ్రాయబడును. అడ్డుపట్టు పథకమునకు సొమ్మిచ్చినచో జమగా వ్రాయబడును. ఖర్చు జమను మించరాదు. కొలత తీయుచోటు మోర్గన్. అక్కడ విద్యుత్ప్రసార కొలమానమున ఉప్పు 800 అంకెను నూటికి తొంబదియైదు దినములలో మించకుండ చూడవలెనని లక్ష్యము. తొలుత ఎగువ రాష్ట్రములకు ఇది ఎందుకు నచ్చినదనగా, జమ సంపాదించినవారికి కొంత మురుగు దించుకొను హక్కు లభించినది. దిగువ రాష్ట్రమునకు ఎందుకు నచ్చినదనగా, మొత్తము మీద ఉప్పు తగ్గినది. ధర్మోపన్యాసములవలన కాని పని చిల్లరకొట్టు ఖాతాపుస్తకమువలన అయినది.

1999లో జరిగిన ఉప్పు విచారణ మరల గుండెలదరజేసినది. ఏమియు చేయకున్నచో యాబది, నూరేండ్లలో మోర్గన్ వద్ద ఉప్పు సగటుననే 800ను దాటునని వారు లెక్కకట్టిరి. కారణము పాత మల్లీ నరుకుడు. 2001లో క్రొత్త వ్యూహము వ్రాయునపుడు పద్దును రెండుగా విభజించిరి. ఒకటి 1988 తరువాతి పనులది. రెండవది అంతకు పూర్వము చేసి, ఫలము ఇంకను రావలసియున్న పనులది. తండ్రుల, తాతల అప్పును వేరు పుటలో వ్రాసికొన్నారన్నమాట. అందులో ఎవరిపైనను నిందలేదు. చెల్లింపు మాత్రము కలదు.

తరువాత చరిత్ర కొంత అనుకొన్నట్లును, కొంత అనుకొనని విధముగాను నడచినది. 1997 మొదలు 2009 వరకు ఎన్నడు ఎరుగని అనావృష్టి వచ్చినది. 1968లో వలె నది ఉప్పుగా మారునని జనులు భయపడిరి. పెద్ద భాగమున అట్లు కాలేదు. పంపులు ఊటను పట్టుచుండెను. వాన లేక ఊటమట్టమును తగ్గినది. రైతులు కాలువలను మాని పైపులకు, చిమ్ముట మాని బొట్టుబొట్టుగా వేళ్ళకు నీరందించు పద్ధతులకు మారుటచేత తోటల క్రింది నీటిదిబ్బలును కరగజొచ్చినవి. కాని నదీముఖమునొద్ద సరస్సుల మట్టము సముద్రమట్టముకంటె క్రిందికి దిగిపోయి, ఆ తీరపు బెస్తవారును, నారిందెరి తెగకు చెందిన మూలవాసులును తీరని కష్టమును చూచిరి. పంపులు ఉప్పును ఆపగలవు, నీటిని పుట్టింపలేవు. ఆ సరస్సులలో చేరిన ఉప్పు సముద్రములోనికి పోవుటకు ప్రవాహము కావలెను. 2012లో వచ్చిన నదీ ప్రణాళికలో, ఏటికి ఇరువది లక్షల టన్నుల ఉప్పు సముద్రమునకు చేరవలెనను లక్ష్యమును వ్రాసిరి. ఒకచోట ఉప్పును నదిలో పడనీయక ఆపుటయు, మరొకచోట నది ఉప్పును మోసికొనిపోవలెనని కోరుటయు విరుద్ధముగా తోచవచ్చును. ఆలోచించినచో రెండును ఒకే పని. పల్లములో చేరిన ఉప్పును మురుగుకాలువ మోయవలెను. మురుగుకాలువయే త్రాగునీటి కాలువ యగుటయే ముర్రే దురదృష్టము.

2022-23లో 1956 తరువాత అంతటి వరద దక్షిణ ఆస్ట్రేలియాకు రాలేదు. ఒడ్డుపల్లములు మునిగి, ఉప్పుతో ఎండిపోవుచున్న ఎర్ర జిగురుమానులకు మంచినీరు అందినది. వరద తీయునప్పుడు పల్లములు కడిగిన ఉప్పు నదిలోనికి వచ్చుననుటయు వారెరుగుదురు.

ఊల్‌పుండాలో 1990 నాటి బావులు పాతవైనవి. పంపులు, పైపులు మార్చవలెను. కరెంటు ధర పెరిగినది. నదిలో మంచినీరు నిండుగా పారు నెలలలో కొన్ని పంపులను నిలిపివేసి, ఉప్పు హెచ్చు సూచన కనబడినపుడు నడుపు పద్ధతిని ఇటీవల పరీక్షించి చూచుచున్నారు. ఖర్చు పంచుకొనుట మీద రాష్ట్రముల నడుమ వాదములును కలవు. మల్లీ పొలముల క్రింద నూరేండ్ల క్రిందట బయలుదేరిన నీరు ఇంకను దారిలోనే యున్నది. కొంత నదిని చేరినది, కొంత చేరవలసియున్నది. మోర్గన్ వద్ద నీటిలోని ఉప్పును ప్రతిదినము కొలిచి వ్రాయుచునే యున్నారు.